పికప్ బండికి పెద్ద టైర్లు: కొనే ముందు కొలవండి, బిగించాక తిప్పి చూడండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌కు రోజుకో రకం నేల ఎదురవుతుంది. ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల కట్టలు. చీమకుర్తిలో గ్రానైటు చెక్కలు పరుచుకున్న క్వారీ దారులు. ఉదయగిరి, రాపూరు దగ్గర వెలిగొండల కింద రాళ్ళబాటలు. కొత్తపట్నం, మైపాడు వైపు ఇసుక. వీటన్నిటి నడుమ జాతీయ రహదారి 16. బండితో పాటు వచ్చిన టైరును ఎక్కువగా ఆ రహదారిని దృష్టిలో పెట్టుకుని ఎంచి ఉంటారు. అందుకే మొదటి టైర్లు అరిగే వేళకు చాలామంది పెద్ద టైర్ల మాట ఎత్తుతారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన నేలలకు ఉన్నదానికంటే ఒక్క మెట్టు పెద్దది చాలు. రెండు మెట్లు ఎక్కాలంటే రేకు కోయాలి, స్ప్రింగులు మార్చాలి, బ్రేకుల మీద భారం ఒప్పుకోవాలి, చట్టంతోనూ పేచీ. ఆ ఖర్చుకు దక్కే అదనపు ఎత్తు ఒకటిన్నర సెంటీమీటరు దాటదు. బురదలో, ఇసుకలో బండిని బయటికి లాగేది చాలావరకు ట్రెడ్ (టైరులో నేలను తాకే గాడుల భాగం) రకం, లోపలి గాలి. కొలత పాత్ర అందరూ అనుకునేంత పెద్దది కాదు.

ముందు కాగితాలు

దుకాణానికి వెళ్ళే ముందు రిజిస్ట్రేషన్ పత్రం బయటికి తీయండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చంటుంది.

పసుపు పలక ఉన్న పికప్ అయితే ఇంకా జాగ్రత్త. రవాణా వాహనాల రిజిస్ట్రేషన్ నమూనాలో ఇరుసువారీగా టైరు కొలతకు గడి ఉంది. ఫిట్‌నెస్‌కు వెళ్ళినప్పుడు అక్కడి అంకెకూ చక్రం మీది అంకెకూ పొంతన ఉండాలి.

కాబట్టి మొదటి ప్రశ్న బండి అమ్మిన డీలరును అడగండి: ఈ మోడల్‌లో ఇతర వేరియంట్లకు కంపెనీ ఏయే కొలతలు బిగిస్తోంది? పై వేరియంటుకు కంపెనీయే పెద్ద టైరు ఇస్తుంటే అదే మీకు అన్నిటికంటే క్షేమమైన దారి. ఆ జాబితాకు బయట ఉన్న కొలత కావాలంటే రవాణా కార్యాలయంలో అడిగి, అనుమతి తీసుకున్నాకే డబ్బు పెట్టండి. బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రమాదం జరిగాక సర్వేయరు టైరు అంకె చదివి పెదవి విరిచే పరిస్థితి ఎందుకు?

నేలను బట్టి ట్రెడ్

కొలత కంటే ముందు ట్రెడ్ రకం తేల్చుకోవాలి. హెచ్.టి. అంటే తారు రోడ్డుది, ఎ.టి. అంటే రోడ్డుకూ మట్టికీ కలిపి చేసినది, ఎం.టి. అంటే పూర్తిగా బురద కోసం చేసినది. బండి వారంలో ఎక్కువ రోజులు ఎక్కడ తిరుగుతుందో అదే జవాబు. సెలవు రోజున వెళ్ళే కొండదారి కోసం టైరు ఎంచితే మిగతా రోజులన్నీ ఆ హోరును భరించాలి.

చెరువు కట్టల మీద తిరిగేవారికి ఒక సంగతి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన తీరానికి అసలు వాన. అప్పుడు కట్ట మీది బంకమట్టి ఎ.టి. టైరు గాడుల్లో కూరుకుపోయి టైరును నున్నగా చేసేస్తుంది. ఎం.టి. గాడులు వెడల్పు కాబట్టి చక్రం తిరిగే వేగానికి మట్టిని విసిరేస్తాయి. పైన జారుడు, కింద గట్టి నేల ఉన్నచోట వెడల్పు టైరు కంటే సన్నగా, ఎత్తుగా ఉన్నదే పట్టు ఇస్తుంది. అది మెత్తటి పొరను కోసుకుని కింది గట్టి నేలను అందుకుంటుంది. వెడల్పు పనికొచ్చేది ఇసుకలో. బురదకు కూడా ఎంత వెడల్పయితే అంత మంచిదనుకునేవారు మన దగ్గర చాలామందే ఉన్నారు, దుకాణాల వారితో సహా.

అయితే అదే ఎం.టి. టైరు నవంబరు వానలో తడిసిన హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు వేస్తే ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. నేలను తాకే రబ్బరు తక్కువ, నీటిని చీల్చే సన్నగాట్లు తక్కువ. కట్ట మీదే బతుకు అయితే తప్ప దాని జోలికి పోవద్దంటాను.

క్వారీ దారులకు లెక్క వేరు. గ్రానైటు చెక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి. అవి ట్రెడ్‌ను కోస్తాయి, సైడ్‌వాల్‌ను, అంటే టైరు పక్క గోడను, చీలుస్తాయి. ట్రెడ్‌లో పడిన చీలికను కొన్నిసార్లు ప్యాచ్ వేసి నిలబెట్టవచ్చు. సైడ్‌వాల్ చీలితే ఆ టైరు పోయినట్టే. ఇక్కడ ఎల్.టి. (లైట్ ట్రక్) అని రాసి ఉన్న, పొరలు ఎక్కువ ఉన్న టైరు తీసుకోండి. గాడుల అడుగున చిన్న చిన్న ఉబ్బెత్తు దిమ్మలు ఉన్నాయేమో కూడా చూడండి. ఇరుక్కున్న రాయి లోపలికి దిగకుండా అవి బయటికి నెడతాయి.

సర్కారు తుమ్మ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. దాని ముల్లు నుంచి ఏ టైరూ పూర్తిగా తప్పించుకోదు. మందపు సైడ్‌వాల్ ఉంటే పంక్చర్లు తగ్గుతాయి, అంతే. పంక్చరు కిట్టు బండిలోనే ఉండాలి.

అంకెలు చదవడం, లెక్క కట్టడం

డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద ఒక స్టిక్కరు కనిపిస్తుంది. అసలు టైరు కొలత, పెట్టవలసిన గాలి అందులో ఉంటాయి. అది లేకపోతే యజమాని పుస్తకం చూడండి. ఇప్పుడు బండికి ఉన్న టైరును నమ్మకండి. పాత బండి కొన్నట్లయితే అది ఎవరో మార్చినది కావచ్చు.

ఉదాహరణకు ఇసుజు వి-క్రాస్‌కు వచ్చే 255/60 ఆర్18 తీసుకుందాం. (ఈ బండి తయారయ్యేది మనకు దక్షిణాన, చెన్నై దారిలో ఉన్న శ్రీసిటీలోనే.) 255 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే ఆ వెడల్పులో 60 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 153 మి.మీ. 18 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో, అంటే 457 మి.మీ. సైడ్‌వాల్ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండుసార్లు కలపాలి. మొత్తం వ్యాసం 763 మి.మీ.

అదే రిమ్ముకు 265/65 ఆర్18 వేస్తే వ్యాసం 802 మి.మీ. తేడా 39 మి.మీ., సుమారు 5 శాతం. టొయోటా హైలక్స్‌లో 265/60 ఆర్18 ఉన్నవారికి వ్యాసం 775 మి.మీ. దానికి ఇదే 265/65 వేస్తే పెరిగేది మూడున్నర శాతం లోపే. నేను ఒక్క మెట్టు అన్నది దీన్నే. 285/65 ఆర్18 దాకా వెళితే వ్యాసం 828 మి.మీ. అవుతుంది, వి-క్రాస్ మీద ఎనిమిదిన్నర శాతం దాకా పెరుగుదల. అది మరో మెట్టు.

ఈ 5 శాతం ఎక్కడెక్కడ తగులుతుందో చూడండి. ఇరుసు ఎత్తు పెరిగేది వ్యాసంలో సగమే కాబట్టి 39కి 19 మి.మీ. మాత్రమే దక్కుతుంది. స్పీడోమీటరు ఇదివరకు 80 చూపే వేగం ఇప్పుడు 84 అవుతుంది, ముల్లు మాత్రం 80 దగ్గరే ఉంటుంది. మీటరు 10,000 కిలోమీటర్లు చూపేసరికి బండి నిజానికి 10,500 తిరిగి ఉంటుంది. ఆయిలు మార్చే లెక్కలో అది గుర్తుంచుకోండి. చాలా మీటర్లు మొదటినుంచీ కొంచెం ఎక్కువే చూపుతాయి కాబట్టి ఫోనులోని జి.పి.ఎస్. వేగంతో ఒకసారి సరిచూసుకుంటే మీ బండి అసలు తేడా తెలుస్తుంది. గేర్లు కూడా అంతే శాతం బరువెక్కుతాయి. పాతిక కిలోల మేత బస్తాలు ఇరవై వేస్తే అర టన్ను. ఆ బరువుతో కట్ట ఎక్కేటప్పుడు మొదటి గేరులో ఆ తేడా పాదానికి తెలుస్తుంది. ‘ఫోర్ లో’ (4L) అనే నిదానపు, బలమైన గేరు ఎందుకుందో అప్పుడు చాలామందికి గుర్తొస్తుంది.

కొలత పక్కనే ఒక సంఖ్య, ఒక అక్షరం ఉంటాయి. సంఖ్య ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు: 110 అంటే 1,060 కిలోలు, 112 అంటే 1,120, 114 అంటే 1,180, 116 అంటే 1,250. ఇది అసలు టైరు కంటే తక్కువ ఉండకూడదు, ఎంత చవకగా ఇస్తామన్నా. అక్షరం వేగపరిమితి: క్యూ అంటే 160, ఎస్ అంటే 180, టి అంటే 190 కిలోమీటర్లు.

రిమ్ము వెడల్పు కూడా చూసుకోవాలి. ప్రతి టైరుకూ ఏ వెడల్పు నుంచి ఏ వెడల్పు దాకా రిమ్ము సరిపోతుందో కంపెనీ పట్టికలో ఉంటుంది. మీ రిమ్ము లోపలి వైపు 7.5జె లాంటి అంకె పోతపోసి ఉంటుంది. అది ఆ పరిధిలో లేకపోతే టైరు మార్చుకోండి, రిమ్ము మీద మొండికేయకండి.

చక్రపు గూడులో చోటు ఉందా?

చాలామంది వదిలేసే అంచె ఇదే. టైర్లు కొన్నాక దుకాణం ముందు బిగించి చూస్తే తగులుతోందని తెలుస్తుంది. బేరం అప్పటికే అయిపోయి ఉంటుంది కాబట్టి కటింగు బ్లేడు బయటికొస్తుంది.

చదునైన నేల మీద బండి ఆపి, స్టీరింగు నిటారుగా ఉంచి, ముందు టైరుకూ దానికి దగ్గరగా ఉన్న ప్రతి భాగానికీ మధ్య ఖాళీ టేపుతో కొలిచి కాగితం మీద రాయండి. ముందువైపు బంపరు కింది మూల, వెనకవైపు క్యాబిన్ ఛాసిస్‌కు బిగిసే మౌంటింగ్, లోపలివైపు సస్పెన్షన్ పై చెయ్యి, స్టెబిలైజర్ కడ్డీ, చుట్టూ ప్లాస్టిక్ తొడుగు, మడ్ ఫ్లాప్. తర్వాత స్టీరింగును ఎడమకు చివరంటా, కుడికి చివరంటా తిప్పి మళ్ళీ అన్నీ కొలవండి. కొత్త టైరు పైన చెప్పిన కొలతదైతే ముందుకూ వెనక్కూ 19 మి.మీ. చొప్పున, లోపలికీ బయటికీ 5 మి.మీ. చొప్పున పెరుగుతుంది. మీరు రాసిన ఖాళీల్లోంచి అది తీసేయండి. మిగిలేది ఒక వేలు మందం కంటే తక్కువైన ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి.

ఇది నిలబడి ఉన్న బండి లెక్క. నడిచేటప్పుడు చక్రం పైకి దూకుతుంది. దాన్ని చూడాలంటే ఒక ముందు చక్రాన్ని, దానికి ఎదురు మూలనున్న వెనక చక్రాన్ని గట్టి దిమ్మల మీదికి మెల్లగా ఎక్కించి, స్టీరింగు రెండువైపులా తిప్పించండి. మరొకరు స్టీరింగు దగ్గర ఉండాలి. మీరు పక్కన నిలబడి టార్చి వేసి చూడండి, చెయ్యి మాత్రం గూడులో పెట్టకండి. అనుమానం ఉన్నచోట తడి బంకమట్టి ముద్దలు అతికించండి. బండి దించాక ముద్ద ఎంత పలచబడిందో చూస్తే అక్కడ ఎంత ఖాళీ మిగిలిందో తెలిసిపోతుంది. పైసా ఖర్చు లేని పరికరం.

తగిలేది ప్లాస్టిక్ తొడుగే అయితే భయం లేదు. వేడిగాలి తుపాకీతో మెత్తబరిచి వెనక్కి నొక్కవచ్చు, క్లిప్పులు మార్చి బిగించవచ్చు, అంచు కొద్దిగా కోయవచ్చు. మడ్ ఫ్లాప్ అడ్డమైతే చిన్నది వేయించుకోండి, తీసి పారేయకండి. వెనక వచ్చే బైకు మీదికి రాళ్ళు ఎగురుతాయి. తగిలేది క్యాబిన్ మౌంటింగ్ అయితే మాత్రం ఆ టైరు ఆలోచన అక్కడితో మానండి. అది బండి నిర్మాణంలో భాగం. దాన్ని కోసి వెల్డింగ్ చేస్తామనే మేస్త్రీలు ఉన్నారు. మీ బండి క్యాబిన్ ఛాసిస్‌ను పట్టుకుని ఉండేది ఆ భాగాల వల్లనే.

లిఫ్ట్ గురించి ఒక అపోహ

టైరు తగులుతోందనగానే రెండంగుళాల లిఫ్ట్ వేయించమంటారు, అంటే బండి ఒంటిని చక్రాల మీద అంత ఎత్తుకు లేపడం. స్ప్రింగు మీద దిమ్మ పెట్టడం, వెనక కమాన్ కట్టకు పట్టీ చేర్చడం దీనికి మామూలు పద్ధతి. నిలబడి ఉన్నప్పుడు ఖాళీ నిజంగానే పెరుగుతుంది. కాని గుంతలో పడి సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు చక్రం పైకి వెళ్ళి ఆగే చోటు మారదు, దాన్ని ఆపే రబ్బరు దిమ్మను కూడా మారిస్తే తప్ప. ఇంటి ముందు తగలని టైరు రాపూరు దారిలో తగిలేది అందుకే. స్టీరింగు తిప్పినప్పుడు మౌంటింగ్‌కు తగిలే టైరును కూడా లిఫ్ట్ పెద్దగా తప్పించదు.

లిఫ్ట్ ఊరికే రాదు. ముందు ఇరుసు కడ్డీల కీళ్ళు ఎక్కువ వంపులో తిరుగుతాయి, వాటి రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయి. బ్రేకు గొట్టాలు, ఎ.బి.ఎస్. తీగలు బిగుసుకుంటాయి. బరువును బట్టి వెనక బ్రేకును సర్దే వాల్వు ఉన్న బండ్లలో దాన్ని మళ్ళీ సర్దాలి, లేకపోతే బండి ఖాళీగా ఉందని అది అనుకుంటుంది. హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్ళలోకి లేస్తాయి. బండి బరువు కేంద్రం పైకి పోతుంది, చెరువు కట్ట లాంటి వాలు అంచుల మీద అది మంచిది కాదు. మీరు ఎంచింది ఒక మెట్టు టైరైతే, కొలతలు సరిపోయి ఉంటే, లిఫ్ట్ వద్దు.

చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు, ఆఫ్‌సెట్ తక్కువ (అంటే చక్రాన్ని బయటికి తెచ్చే) రిమ్ములు కూడా అంతే. లోపల రాపిడి తప్పుతుంది, బయట కొత్త రాపిడి మొదలవుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది, స్టీరింగు చేతిలో కొట్టుకుంటుంది.

కొనేటప్పుడు

నాలుగు టైర్ల ధర అడగకండి, ఐదింటిది అడగండి. ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ముందు, వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి ముడిపడి తిరుగుతాయి. వ్యాసం తేడా ఉన్న టైరు ఒక్కటి ఉన్నా ఇంజిన్ బలాన్ని ఇరుసులకు, చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, డిఫరెన్షియల్ నలిగిపోతాయి. పాత కొలత స్టెప్నీతో నడపవలసి వస్తే టూవీల్ డ్రైవ్‌లోనే, తక్కువ వేగంతో, పంక్చరు దుకాణం దాకా మాత్రమే.

స్టెప్నీ గొలుసుతో ట్రే (వెనక సామాను తొట్టి) కింద వేలాడే బండి అయితే అక్కడి చోటు కూడా కొలవండి. పెద్ద టైరు సైలెన్సరు గొట్టానికో వెనక ఇరుసుకో తగిలితే దాన్ని ట్రేలో, క్యాబిన్ వెనక బోల్టు వేసి బిగించాలి. ఆమేరకు సామాను చోటు తగ్గుతుంది.

సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైనదని అర్థం. ఐదు టైర్లూ దగ్గర దగ్గర వారాలవే ఉండాలి. ఏడాది దాటిన సరుకు ఉంటే ధర తగ్గించమనండి లేదా వద్దనండి. ఐ.ఎస్.ఐ. గుర్తు లేని దిగుమతి టైరును ఎంత తక్కువకు ఇస్తామన్నా ముట్టుకోకండి.

బిగించే రోజు

బండి నేల మీద ఉండగానే నట్లను పావు తిప్పు వదులు చేయించండి. హ్యాండ్ బ్రేకు, మిగతా చక్రాలకు అడ్డు రాళ్ళు, తర్వాత జాకీ. చక్రం తీయగానే హబ్ ముఖాన్ని (రిమ్ము ఆనుకునే చోటును) ఇనుప బ్రష్‌తో రుద్దాలి. రొయ్యల చెరువుల దగ్గర తిరిగిన బండికి అక్కడ ఉప్పు తుప్పు పొరలుగా కట్టి ఉంటుంది. ఆ పొర మీద రిమ్ము సరిగా కూర్చోదు, నట్లు కొన్నాళ్ళకు వాటంతటవే వదులవుతాయి. హబ్ ముఖం మీద తుప్పు నివారణ పూత పలచగా పూయించవచ్చు. నట్లు ఎక్కే స్టడ్ల మర మీద మాత్రం నూనె, గ్రీజు వేయనివ్వకండి. నూనె ఉంటే అదే బలానికి నట్టు మితిమీరి బిగుసుకుంటుంది.

టైరు రిమ్ములోకి ఎక్కించడానికి సబ్బు నీళ్ళు లేదా దానికోసం అమ్మే లేపనం వాడాలి. డీజిలు, పాత ఇంజిన్ ఆయిలు రాయడం కొన్నిచోట్ల ఇప్పటికీ అలవాటు. అది రబ్బరును తినేస్తుంది. వాల్వులు కొత్తవి వేయించండి. అంచు ‘టప్’మని కూర్చునేటప్పుడు గాలి 40 పి.ఎస్.ఐ. దాటకూడదు. కూర్చోకపోతే గాలి తీసి, మళ్ళీ సబ్బు రాసి ప్రయత్నించాలి తప్ప గాలి పెంచుతూ పోకూడదు. అలా పెంచితే మనిషి ప్రాణానికే ముప్పు, కాబట్టి మీరూ దూరంగా నిలబడండి.

టైరు మీద పసుపు చుక్క ఉంటే అది వాల్వు పక్కకు రావాలి. టైరులో తేలికైన చోటుకు అది గుర్తు. తిరిగే దిశకు బాణం ఉంటే చూసుకోండి. బ్యాలెన్సింగ్‌కు ముందు పాత సీసపు ముక్కలన్నీ పీకించండి. కొత్తవి రిమ్ము లోపలి వైపు అతికించమనండి, బయట ఉంటే రాళ్ళకు రాలిపోతాయి. ఒక చక్రానికి వంద గ్రాములు దాటి అడుగుతుంటే టైరును రిమ్ము మీద సగం తిప్పి మళ్ళీ చూడమనండి.

నట్లు ముందు చేత్తో ఎక్కించాలి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవి ఒకదాని తర్వాత ఒకటి బిగించాలి. గాలి తుపాకీతో బిగించి ‘అయిపోయింది సార్’ అంటే ఒప్పుకోకండి. బండి కిందికి దించాక యజమాని పుస్తకంలో ఉన్న టార్కుకు (బిగింపు బలానికి) టార్కు రెంచితో బిగించమనండి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి.

అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయించి, అంకెల కాగితం తీసుకోండి. ఒట్టి టైరు మారిస్తే కోణాలు మారవు, కాని పాత తప్పు ఏదైనా ఉంటే కొత్త టైరును ఒక పక్క తినేస్తుంది.

మొదటి తిరుగుడు, గాలి

దుకాణం నుంచి ఇంటికి రాకముందే ఖాళీ స్థలంలో స్టీరింగు రెండువైపులా చివరంటా తిప్పి ముందుకూ వెనక్కూ నడపండి. వెనక్కి నడపడం మరిచిపోవద్దు. కొన్ని టైర్లు రివర్సులోనే తగులుతాయి. తర్వాత ట్రేలో మామూలుగా వేసే బరువు వేసి, స్పీడు బ్రేకరు మీద, గుంతలో మెల్లగా దింపండి. గూడులో నల్లటి రాపిడి గీతలు, మెరిసే చోట్లు వెతకండి.

గాలి ఎంత పెట్టాలన్నది అందరూ అడిగే ప్రశ్న. తలుపు స్టిక్కరులోని అంకె పాత టైరుది. ఎల్.టి. టైరుకు మారితే అదే బరువు మోయడానికి ఎక్కువ గాలి కావాలి. టైరు కంపెనీ బరువు పట్టిక చూసి పెట్టించండి. ఆ అంకె దగ్గర మొదలుపెట్టి సుద్దముక్క పరీక్ష చేయండి. ట్రెడ్ మీద అడ్డంగా మందపాటి గీత గీసి, తారు రోడ్డు మీద నిటారుగా కొద్ది దూరం నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ. అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. మొత్తం సమంగా చెరిగితే ఆ బరువుకు అది సరైన గాలి. పట్టిక చెప్పిన కనీసం కంటే కిందికి మాత్రం ఈ పరీక్ష పేరుతో దిగవద్దు. ఖాళీ బండికి ఒకటి, నిండు బండికి ఒకటి, రెండు అంకెలు రాసుకోండి. చూడడం ఎప్పుడూ పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. మే నెల మధ్యాహ్నం హైవే మీద వేడెక్కిన టైరులో అంకె పెరిగి కనిపిస్తే గాలి తీసేయకండి.

ఇసుకలోకి దిగే ముందు 18 నుంచి 20 పి.ఎస్.ఐ.కి తగ్గిస్తే టైరు నేలను తాకే భాగం పొడుగై బండి ఇసుక మీద తేలుతుంది. అంతకంటే తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడవచ్చు. ఆ గాలితో గంటకు 30 కిలోమీటర్లు దాటకండి, స్టీరింగు గబుక్కున తిప్పకండి. తారు ఎక్కే ముందే గాలి నింపాలి కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసరు కొనకుండా ఇసుక జోలికి వెళ్ళవద్దు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో అలల అంచు ఇసుక మీదికి బండిని అసలు తీసుకెళ్ళకండి.

తీరం నుంచి, చెరువుల నుంచి వచ్చిన రోజే చక్రాలను, గూళ్ళను, బ్రేకు డిస్కుల వెనకవైపును మంచినీటితో కడగండి. ఉప్పు రిమ్ము అంచును కొరికితే ట్యూబ్‌లెస్ టైరులోంచి గాలి సన్నగా కారుతూనే ఉంటుంది, పంక్చరు మాత్రం ఎక్కడా దొరకదు. సుమారు 8,000 కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీతో కలిపి ఐదు టైర్లనూ చోట్లు మార్చండి. స్టెప్నీ కొత్తగా మిగిలి, నాలుగూ అరిగితే ఫోర్‌వీల్ డ్రైవ్‌కు మళ్ళీ పాత తంటానే.

బండిలోని జాకీ కొత్త ఎత్తుకు చాలుతుందా అన్నది ఇంటి దగ్గరే పరీక్షించండి. ఇరుసు 19 మి.మీ. పైకి వెళ్ళింది, చాలకపోతే మందపాటి చెక్క పలక ఒకటి సీటు వెనక పడేయండి. మెత్తటి కట్ట మీద జాకీ దిగబడకుండా కూడా అదే పలక పనికొస్తుంది.

పాత టైర్లను దుకాణంలో ఆ రోజే మార్పిడికి ఇచ్చేయకండి. ట్రెడ్ మిగిలి ఉంటే తెచ్చి ఎండ తగలని చోట నిలబెట్టి ఉంచండి. బరువుతో, వానలో, రాళ్ళ దారిలో తిరిగి, రాపిడి ఎక్కడా లేదని నమ్మకం కుదిరాకే అమ్ముకోండి.